జట్టు ఎవరిది? నోటుదా... ఈలదా?

సినిమా అభిమానికి ఓ సుఖం వుంది. తన హీరో పిక్చర్‌కి డబ్బు ఎవరు పెట్టారో అతనికి అనవసరం. పెట్టుబడి బెజవాడదా, బొంబాయిదా, అమెరికాదా అని నేల క్లాసులో ఎవరూ అడగరు. తెరమీద పేర్లు పడుతున్నప్పుడు ఈల పడేది హీరోకి గానీ నిర్మాతకి కాదు. పిక్చర్ ఫట్టయితే నిర్మాత తల పట్టుకుంటాడు, హీరో ఇంకో సినిమాకి కాల్‌షీట్లు ఇస్తాడు, అభిమాని ఇంకో టికెట్టు కొంటాడు. కథ కంచికి, మనం ఇంటికి!

ఫుట్‌బాల్ అభిమానికి ఆ సుఖం లేదు. అతను ఒక్క సినిమాకే జన్మంతా టికెట్టు కొన్నవాడు! తాత ఈల వేసిన జట్టుకే మనవడూ ఈల వేస్తాడు. అలాంటి జట్టుని ఎవరో కోటీశ్వరుడు కొన్నాడంటే చాలు, ఊరు ఊరంతా రెండు వర్గాలైపోతుంది. "డబ్బొచ్చింది, ఇక మనదే కప్పు" అని ఒక వర్గం. "డబ్బొచ్చింది, ఇక జట్టు మనది కాదు" అని ఇంకో వర్గం. కొన్నవాడు అమెరికా ఆసామి అయితే ఇక చెప్పేదేముంది? రాత్రంతా వాదనే!

"ఈ గోల మాకెందుకయ్యా? గుంతకల్లు నుంచి బళ్ళారి పోయే దారిలో విడపనకల్లులో కూర్చున్నవాళ్ళం. వాన ఎప్పుడు పడుతుందో చెప్పు, వింటాం" అంటారా? ఆగండాగండి! ఈ కథలో అనంతపురం జిల్లా మనవడొకడు వున్నాడు. మన తెలుగు సినిమా పెద్దలు నలుగురైదుగురు వున్నారు. చివర్లో మన కళ్ళముందే మాయమైన మన జట్టొకటి వుంది. ఇప్పుడు చెప్పండి... మనకెందుకా?

మనవాడే ఆ అమెరికా ఓనరు!

సత్య నాదెళ్ళ పేరు వినని కుర్రాడు వుండడు. పుట్టింది హైదరాబాదులో, 1967లో. చదివింది బేగంపేట పబ్లిక్ స్కూల్లో. 2014 ఫిబ్రవరి నుంచి మైక్రోసాఫ్ట్‌కి అధిపతి. ఆయన నాన్నగారు బి.ఎన్. యుగంధర్, పేరున్న ఐ.ఏ.ఎస్. అధికారి. ఆ కుటుంబం సొంతూరు ఎక్కడో తెలుసా? మన అనంతపురం జిల్లాలోనే... యల్లనూరు మండలం బుక్కాపురం!

నాదెళ్ళకి క్రికెట్ పిచ్చి అని అందరికీ తెలుసు. ఫుట్‌బాల్ క్లబ్బులో కూడా వాటా వుందని ఎంతమందికి తెలుసు? 2019 ఆగస్టులో అమెరికాలోని సియాటిల్ సౌండర్స్ అనే క్లబ్బులో 11 కొత్త కుటుంబాలు వాటాదారులుగా చేరాయి. అందులో సత్య, అను నాదెళ్ళ దంపతులు ఒకరు. పాటగత్తె సియారా, ర్యాప్ గాయకుడు మాక్లమోర్ కూడా ఆ జాబితాలోనే వున్నారు. అంటే ఓ పక్క కంప్యూటరు, ఇంకో పక్క గ్లామరు! మూడు నెలలు తిరక్కుండానే, 2019 నవంబరు 10న, సౌండర్స్ సొంత మైదానంలో టొరంటోని 3-1తో ఓడించి కప్పు ఎత్తింది. ఆ రోజు చూసినవాళ్ళు 69,274 మంది! "మనవాడు అడుగుపెట్టిన గడియ మంచిది" అని మనం మీసం మెలేసుకోవచ్చు గానీ, ఆ జట్టు 2016లోనే ఓ కప్పు కొట్టి వుందన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. పెత్తనం కూడా నాదెళ్ళది కాదు. పెద్ద వాటా ఏడ్రియన్ హానౌవర్ అనే స్థానికుడిది.

అసలు కథ డబ్బుది కాదు, ఆ క్లబ్బు పుట్టుకది. వినండి, సినిమా కథలా వుంటుంది.

2008లో ఆ క్లబ్బుకి పేరు పెట్టాల్సి వచ్చింది. అప్పటి ప్రధాన యజమాని జో రాత్. ఆయనెవరనుకున్నారు? ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్‌కీ, డిస్నీ స్టూడియోకీ ఛైర్మన్‌గా చేసిన హాలీవుడ్ పెద్దమనిషి! యాజమాన్యం మూడు కొత్త పేర్లు చూపించి "వీటిలో ఒకటి ఎంచుకోండి" అంది. జనం ఎదురుతిరిగారు. 1974 నుంచీ ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ జట్టంటే 'సౌండర్స్'. ఆ పేరే జాబితాలో లేదు! గోల గోల చేశారు. యాజమాన్యం దిగొచ్చి "సరే, మీకు నచ్చిన పేరు మీరే రాయండి" అని నాలుగో గడి పెట్టింది. 14 వేలకి పైగా ఓట్లు పడితే, దాదాపు సగం మంది ఆ ఖాళీ గడిలో 'సౌండర్స్' అనే రాశారు! హాలీవుడ్ ఛైర్మన్ గారి స్క్రిప్టుని ప్రేక్షకులే తిరగరాశారన్నమాట.

ఇంకో పాత్ర డ్రూ కేరీ. అమెరికా టీవీలో జనాన్ని నవ్వించే నటుడు. "నేను డబ్బు పెడతాను, కానీ రెండు షరతులు" అన్నాడు. ఒకటి, మ్యాచికి బ్యాండు మేళం వుండాలి. రెండు, జట్టుని నడిపే జనరల్ మేనేజరుని నాలుగేళ్ళకోసారి అభిమానులు ఓటు వేసి వుంచనైనా వుంచాలి, పీకనైనా పీకాలి. రెండూ అమలయ్యాయి. 2012లో మొదటి ఓటింగు జరిగింది. అప్పుడు మేనేజరు ఎవరో కాదు, ఓనర్లలో ఒకడైన హానౌవరే! జనం ఆయన్ని వుంచారు. ఓనరు తన సీటు కోసం గ్యాలరీ ముందు నిలబడాల్సి వచ్చిందంటే అంతకన్నా ఏం కావాలండీ?

అక్కడ అంతా స్వర్గమేనా అంటే, కాదు. 2025 జూన్‌లో ప్రపంచ క్లబ్ కప్పు సొమ్ములో మా వాటా ఏదని సౌండర్స్ ఆటగాళ్ళే నినాదాలు రాసిన చొక్కాలతో మైదానంలోకి వచ్చారు. డబ్బున్న చోట తగాదా వుంటుంది. తేడా ఎక్కడంటే, అక్కడ తగాదా నలుగురి ముందూ జరిగింది.

డాలరు రెండు ముఖాలు

ఇంగ్లండులో అమెరికా ఓనరు అనగానే ముందు తిట్లు పడేది గ్లేజర్ కుటుంబానికి. 2005లో మాల్కం గ్లేజర్ మాంచెస్టర్ యునైటెడ్‌ని సుమారు 79 కోట్ల పౌండ్లకి కొన్నాడు. అందులో చాలా భాగం అప్పు. ఆ అప్పులో పెద్ద ముక్క వచ్చి పడింది ఎవరి మీద? క్లబ్బు మీదే! ఇల్లు కొనడానికి ఆ ఇంటినే తాకట్టు పెట్టి, వడ్డీ ఇంట్లోవాళ్ళ చేత కట్టించినట్టు! కొందరు అభిమానులు అదే ఏడు బయటికొచ్చేసి ఎఫ్.సి. యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. 2010లో మిగతావాళ్ళు క్లబ్బు పాత రంగులైన పచ్చ, పసుపు మఫ్లర్లు మెడలో వేసుకుని నిరసన తెలిపారు. 2021 మే 2న ఏకంగా మైదానంలోకే దూసుకుపోతే లివర్‌పూల్‌తో మ్యాచి వాయిదా పడింది.

తమాషా ఏమంటే, గ్లేజర్ల హయాంలో జట్టు 2007 నుంచి 2013 లోపల లీగు టైటిలు ఐదుసార్లు కొట్టింది. 2008లో యూరప్ కప్పు కూడా తెచ్చింది. కప్పులొచ్చినా కోపం చల్లారలేదు. ఎందుకని? అభిమాని అడిగేది గెలుపొక్కటే కాదు. "నా డబ్బు ఎటు పోతోంది? నా మాట ఎవరు వింటున్నారు?" అని కూడా అడుగుతాడు.

ఇప్పుడు రీలు తిప్పండి. వేల్స్‌లో రెక్సమ్ అనే చిన్న ఊరు. దాని క్లబ్బు 1864 నాటిది. ఒకప్పటి ఓనర్ల నిర్వాకానికి మైదానమే చేజారబోయింది. 2011లో జట్టు ఆగిపోయే స్థితి వస్తే అభిమానులు ఒక్క రోజులో లక్ష పౌండ్లకి పైగా పోగుచేశారు. ఆ ఏడే అభిమానుల ట్రస్టే క్లబ్బుకి యజమాని అయింది. కానీ ఆట మాత్రం ఐదో అంతస్తులోనే ఇరుక్కుపోయింది.

2020లో తలుపు తట్టారు ఇద్దరు నటులు. ఒకరు కెనడాలో పుట్టిన హాలీవుడ్ హీరో ర్యాన్ రేనాల్డ్స్. మన కుర్రకారు 'డెడ్‌పూల్' అంటే చటుక్కున గుర్తుపడతారు. రెండోవాడు ఫిలడెల్ఫియా వాసి, టీవీ నటుడు రాబ్ మెకెల్హెనీ. 20 లక్షల పౌండ్లు పెడతామన్నారు. అప్పుడేం జరిగింది? బేరం గదిలో కాదు, ఓటు పెట్టెలో తేలింది! ట్రస్టు సభ్యుల్లో 98.6 శాతం "సై" అన్నారు. నటులిద్దరూ ముందుగానే మాటిచ్చారు: పేరు మార్చం, ఊరు మార్చం. 2021 ఫిబ్రవరిలో క్లబ్బు చేతులు మారింది. వాళ్ళు దాన్ని డాక్యుమెంటరీగా తీసి ప్రపంచమంతా చూపించారు. జట్టు 2023, 2024, 2025... వరసగా మూడేళ్ళూ ఒక్కో మెట్టు ఎక్కి రెండో అంతస్తుకి చేరింది. హ్యాట్రిక్ హిట్టంటే అదీ!

గ్లేజరుదీ డాలరే, రాబ్‌దీ డాలరే. ఒకచోట జనాన్ని అడక్కుండా వచ్చింది, ఇంకోచోట అడిగి వచ్చింది. అంతే తేడా!

కోడి పరుగెత్తిన రోజు

"అమెరికావాడు కాబట్టి అలా చేశాడు, మనవాళ్ళయితేనా..." అనుకునేవాళ్ళ కోసం ఈ రీలు.

ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ రోవర్స్ అని మరో క్లబ్బు. 1990లలో దాని వెనక జాక్ వాకర్ అనే స్థానిక ఉక్కు వ్యాపారి వున్నాడు. చిన్నప్పటి నుంచి ఆ జట్టు అభిమాని. తన డబ్బు కుమ్మరించి 1995లో ప్రీమియర్ లీగు కప్పు తెచ్చాడు. ఆయన పోయాక స్టేడియం దగ్గర విగ్రహం పెట్టుకున్నారు.

2010 నవంబరులో ఆ క్లబ్బుని 2 కోట్ల 30 లక్షల పౌండ్లకి కొన్నదెవరు? మనం చికెన్ ప్యాకెట్ల మీద చూసే వెంకీస్! కోడిగుడ్ల వ్యాపారానికి దేశంలో ఊపు తెచ్చిన డాక్టర్ బి.వి. రావు 1971లో పెట్టిన వెంకటేశ్వర హేచరీస్ వారసులు. వచ్చిన నెలలోపే పేరున్న మేనేజరు శామ్ అలర్‌డైస్‌ని సాగనంపారు. 2012 మే 7న సొంత మైదానంలో విగాన్ చేతిలో ఓడి జట్టు కింది అంతస్తుకి పడిపోయింది. ఆ మ్యాచిలోనే ఓ అభిమాని కోడిని మైదానంలోకి వదిలాడు. బ్లాక్‌బర్న్ జెండా చుట్టుకుని ఆ కోడి గ్రౌండంతా పరుగులు తీస్తుంటే ప్రపంచమంతా చూసింది. 2017లో ఇంకో మెట్టు దిగి, మరుసటి ఏడే మళ్ళీ పైకెక్కింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ క్లబ్బు నష్టాలని ఏళ్ళ తరబడి భరించింది కూడా ఆ కుటుంబమే. వాళ్ళు డబ్బు పెట్టలేదని ఎవరూ అనలేరు. అభిమానుల ఫిర్యాదు వేరు: మాతో మాట్లాడేవాళ్ళేరీ? జాక్ వాకర్ ఆ ఊళ్ళోనే పెరిగాడు. వీళ్ళు పుణెలో వుంటారు. కాబట్టి ఓనరు పాస్‌పోర్టు రంగుని బట్టి మంచీ చెడూ తేలదండీ! మనవాళ్ళనీ ఎవరో ఒకచోట 'పైవాళ్ళు' అనుకుంటారు.

మెగాస్టార్, మన్మథుడు... కొచ్చి మైదానం

ఇక మన సినిమావాళ్ళ సంగతి. 2016 జూన్‌లో తిరువనంతపురంలో కేరళ ముఖ్యమంత్రి పినరయి విజయన్ సమక్షంలో కేరళ బ్లాస్టర్స్ కొత్త భాగస్వాములు వచ్చారు. సచిన్ టెండూల్కర్ పక్కన నిలబడ్డదెవరంటారా? చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్! మలయాళ దేశపు జట్టుకి తెలుగు పెట్టుబడి! 2018లో సచిన్ తన వాటా అమ్మేసి తప్పుకున్నాడు.

ఆ జట్టుకి 'మంజప్పడ' అని పసుపు చొక్కాల సేన వుంది. మన అభిమాన సంఘాలకి ఏమాత్రం తీసిపోరు. కటౌట్లు, డప్పులు, జెండాలు... అన్నీ వున్నాయి. కానీ తేడా చూడండి. 2024-25 సీజనులో జట్టు ఓడుతూ పోతుంటే మంజప్పడ ఆటగాళ్ళని కాదు, యాజమాన్యాన్నే బహిరంగంగా నిలదీసింది. మన దగ్గర హీరో సినిమా ఆడకపోతే "ప్రొడ్యూసరు గారూ, లెక్క చెప్పండి" అని ఏ అభిమాన సంఘమైనా అడిగిందా?

మరి మన హైదరాబాదు? 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులు. కొద్ది నెలల్లో మన భల్లాలదేవుడు రానా దగ్గుబాటి కూడా సహ యజమానిగా చేరాడు. గచ్చిబౌలి స్టేడియం సొంతిల్లు. 'దక్కన్ లీజియన్' అని అభిమానుల దళం తయారైంది. మొదటి ఏడు అట్టడుగు. తర్వాత స్పెయిన్ నుంచి వచ్చిన కోచ్ మనోలో మార్కెజ్ కుర్రాళ్ళని తీర్చిదిద్దాడు. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం. ఐ.ఎస్.ఎల్. ఫైనల్. ఎదురుగా ఎవరు? కేరళ బ్లాస్టర్స్! ఇటూ తెలుగు పెట్టుబడే, అటూ తెలుగు పెట్టుబడే. 88వ నిమిషం దాకా కేరళదే పైచేయి. అప్పుడు సాహిల్ తవోరా కొట్టిన షాటుతో 1-1. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. 3-1తో కప్పు మనది!

ఎంత క్లైమాక్సు! కానీ కరోనా వల్ల ఆ రెండు సీజన్లూ మ్యాచులన్నీ గోవాలోనే జరిగాయి. హైదరాబాదు జనం తమ జట్టు చాంపియన్ అయిన ఆ సీజన్లో ఒక్క ఆట కూడా గచ్చిబౌలిలో చూడలేదు.

ఇంటర్వెల్ తర్వాత...

ఆ తర్వాత రీలు చూడటం కష్టం. 2023-24 సీజన్‌కల్లా డబ్బు కటకట. బకాయిలు, ఫిఫా ఆంక్షలు, ఒక్కొక్కరుగా జట్టు వదిలిన ఆటగాళ్ళు. మిగిలిన కుర్రాళ్ళతో 22 మ్యాచులు ఆడి ఒకే ఒక్కటి గెలిచారు. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బుని తీసుకుంది. "హమ్మయ్య, డబ్బున్న ఓనరు వచ్చాడు" అన్నారు సగం మంది. "చూద్దాం" అన్నారు మిగతా సగం. చూశారు. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి పోయింది. పేరు కూడా మారింది: స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. మన సినిమాని హిందీలోకి డబ్బింగ్ చేసి, ఒరిజినల్ ప్రింటు తగలబెట్టినట్టు!

ఓటింగు లేదు. ఖాళీ గడి లేదు. "మీరేమంటారు?" అని ఎవరూ అడగలేదు.

ఢిల్లీని తిట్టుకుందామా? తొందరపడకండి. 2019లో పుణె క్లబ్బు మూతపడితేనే ఆ స్థానం మనకి వచ్చింది. అప్పుడు పుణె కుర్రాళ్ళు ఎలా వున్నారో మనం అడిగామా? అదే ఏడు ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కి పోయి ఒడిశా ఎఫ్.సి. అయింది. కాబట్టి ఢిల్లీవాడూ ఒకసారి ఏడ్చినవాడే. కుర్చీలాటలో మ్యూజిక్ ఆగినప్పుడల్లా ఒక ఊరు నిలబడి చూస్తోంది. ఈసారి మన వంతు.

ఇందులో ఇంకా బాధాకరమేమంటే, ఈ దేశంలో ఫుట్‌బాల్‌కి పాఠం చెప్పిన ఊరు హైదరాబాదు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూశారుగా? అజయ్ దేవగణ్ వేసిన పాత్ర సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదు మాస్టారే. ఆయన భార్యగా మన ప్రియమణి నటించింది. ఆయన కోచింగులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో కొరియాని 2-1తో ఓడించి బంగారం. ఆ జట్టులో సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఆడాడు. మరుసటి ఏడు రహీం సాబ్ కన్నుమూశారు.

అప్పుడూ డబ్బు సమస్యే! మంచి ఆటగాడు కనపడితే కలకత్తా క్లబ్బులు ఎగరేసుకుపోయేవి. బలరాం ఈస్ట్ బెంగాల్‌కి పోయాడు. హబీబ్ కూడా కలకత్తాకే. అదే హబీబ్ 1977లో మోహన్ బగాన్ తరఫున పెలే ఆడిన కాస్మాస్ జట్టుమీద దిగాడు. కానీ ఒక ముక్క గమనించండి. అప్పట్లో ఆటగాళ్ళు వెళ్ళిపోయేవారు, జట్టు వుండేది. ఇప్పుడు జట్టే వెళ్ళిపోయింది.

ఓనరు రాలేదు... పద్ధతి వచ్చింది

మన లీగులోకి అమెరికా ఓనర్లు వచ్చి పడలేదు. వచ్చింది అమెరికా పద్ధతి. అక్కడ జట్టంటే ఒక లైసెన్సు. సినిమా హక్కుల్లాగా కొనుక్కోవచ్చు, ఏరియా మార్చుకోవచ్చు. ఇంగ్లండులోలా చివర వున్నవాడు కింది అంతస్తుకి దిగడం లేదు. మన ఐ.ఎస్.ఎల్. ఆ దారిలోనే పుట్టింది.

కానీ అమెరికా నుంచి పద్ధతి తెచ్చుకున్నవాళ్ళం దానికి విరుగుడు తెచ్చుకోలేదు! ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుని ఓనరు వేరే ఊరికి ఎత్తుకుపోతే, 1996లో ఆ రాష్ట్రం ఓ చట్టం చేసింది. జనం సొమ్ముతో సాయం పొందిన జట్టుని తరలించాలంటే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, స్థానికులకి కొనుక్కునే అవకాశం ఇవ్వాలి. 2017లో కొలంబస్ క్రూ అనే ఫుట్‌బాల్ జట్టుని ఓనరు ఆస్టిన్‌కి తరలించబోయాడు. అభిమానులు రోడ్డెక్కారు. 'సేవ్ ద క్రూ' అని ఇంటింటికీ తిరిగారు. ఆ చట్టం కూడా తోడైంది. చివరికి కొత్త యజమానులు జట్టుని కొనుక్కున్నారు. 2020లో అదే జట్టు కప్పు గెలిచింది!

జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగం కన్నా ఒకటి ఎక్కువ సభ్యుల చేతిలోనే వుండాలన్న నియమం 1998 నుంచీ వుంది, ఒకటి రెండు మినహాయింపులతో. ఇంగ్లండు కూడా 2025లో చట్టం చేసి, క్లబ్బు పేరు, రంగు, మైదానం ఓనరు ఇష్టారాజ్యంగా మార్చకుండా కళ్ళెం వేసింది.

మన గచ్చిబౌలి స్టేడియం ఎవరి సొమ్ముతో కట్టింది? జనం సొమ్ముతోనే కదా! మరి ఆ మైదానంలో ఆడిన జట్టు పోతుంటే "ఆరు నెలలు ఆగు" అనే చట్టం మనకెందుకు వుండకూడదు?

రచ్చబండ మీద

ఇదే సంగతి మన సీమ కుర్రాళ్ళ దగ్గర పెడితే వాదన ఎలా నడుస్తుందో ఊహించడం కష్టమేం కాదు.

"దుడ్లు లేందే ఆట యాడుందిరా? బూట్లు గావల్ల, బాల్ గావల్ల, కోచి గావల్ల. అమెరికావోడైతే ఏం, ఆముదాలవోడైతే ఏం? పెట్టేటోడు రానీ!"

"పెట్టినోడు రేప్పొద్దున ఎత్తుకోని పోతే ఏం జేస్తావన్నా?"

"పోతే పోనీ. ఉన్నన్నాళ్ళూ చూస్తిమి గదా."

"నువ్వు చూస్తివి. నీ కొడుకు?"

ఇద్దరిదీ నిజమే. కరువు సీమలో డబ్బుని చీదరించుకునే దర్జా మనకి లేదు. పైగా బయటి డబ్బు మంచి చేసిన సాక్ష్యం మన ముంగిట్లోనే వుంది. స్పెయిన్ నుంచి విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి ఆర్.డి.టి. స్థాపించాడు. ఆ సంస్థ కట్టిన క్రీడా గ్రామంలో పల్లె పిల్లలు, ఆడపిల్లలు సహా, ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. స్పెయిన్ లా లీగా కూడా ఆ అకాడమీకి చెయ్యందించింది. ఇటు విడపనకల్లు నుంచి పడమటికి, బళ్ళారి దాటి పోతే తోరణగల్లు. అక్కడ సజ్జన్ జిందాల్ గారి జె.ఎస్.డబ్ల్యు. ఉక్కు ఫ్యాక్టరీ, దాని పక్కనే 2018లో మొదలైన క్రీడా శిక్షణ సంస్థ. 2013లో బెంగుళూరు ఎఫ్.సి.ని పుట్టించింది ఆ కంపెనీయే. హైదరాబాదు జట్టుని తీసుకున్న జిందాల్ సంస్థ వేరు, ఇది వేరు. పేరు చూసి పొరపడకండి! బెంగుళూరు జట్టు బెంగుళూరులోనే వుంది.

అంటే మన పీఠభూమికి రెండు పక్కలా డబ్బున్నవాళ్ళు బంతికి నీళ్ళు పోసినవాళ్ళే. కాబట్టి డబ్బు వద్దనేది నా మాట కాదు. రేపు హైదరాబాదుకో, విశాఖకో, కలిసొస్తే మన అనంతపురానికో ఓ కొత్త క్లబ్బు వస్తుంది. దాన్ని సియాటిల్ తెలుగువాడో, డాలస్ తెలుగువాడో కొంటానంటాడు. పూలదండ వేయండి, బాణాసంచా కాల్చండి. దండ వేసే ముందు మాత్రం నాలుగు ప్రశ్నలు వేయండి.

అయ్యా, ఈ డబ్బు మీదా, లేక అప్పుచేసి మా జట్టు నెత్తిన పెడతారా?

ఏడాది జీతాలు ముందుగా బ్యాంకులో పడేస్తారా?

పేరు, రంగు, ఊరు మార్చాలంటే మా ఓటు తీసుకుంటారని కాగితం మీద రాస్తారా?

మా పల్లె పిల్లలు ఆడుకోవడానికి ఎన్ని మైదానాలు ఇస్తారు?

ఈ నాలుగింటికీ "సరే" అన్నవాడు అమెరికావాడైనా మనవాడే. నీళ్ళు నమిలినవాడు మన పక్కింటివాడైనా పైవాడే!

సినిమా పోతే ఇంకో సినిమా వస్తుంది. శుక్రవారం ఎప్పుడూ వస్తుంది. జట్టు అలా కాదు, పోతే దాని వెనకాలే ఓ తరం ఈలలు పోతాయి. హైదరాబాదు కుర్రాళ్ళు ఆదివారం సాయంత్రం ఏ చొక్కా వేసుకోవాలో తెలియక కూర్చున్నారు. వాళ్ళ బీరువాల్లో పసుపు చొక్కాలు ఇంకా వున్నాయి. జట్టు కొనుక్కున్నవాళ్ళు వాటిని మాత్రం కొనలేకపోయారు.